స్పెయిన్, పోర్చుగల్: ఇద్దరు పిల్లలు, ఒక నానమ్మ, ఏడు ఊళ్లు. కుదిరే పనేనా?

వేపపువ్వు (హైదరాబాద్)

అందరికీ నమస్తే. మే నెలలో పిల్లల సెలవులకి రెండు వారాలు స్పెయిన్, పోర్చుగల్ వెళ్దామని అనుకుంటున్నాం. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి నాలుగు. మా అత్తగారు కూడా వస్తున్నారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, పైగా గుడ్డు కూడా ముట్టరు.

మావారు ఎక్సెల్ షీట్‌లో ప్లాన్ వేశారు: బార్సిలోనా, వాలెన్సియా, గ్రనాడా, సెవిల్, లిస్బన్, పోర్టో, చివర్లో మాడ్రిడ్. ఒక్కో ఊళ్లో రెండు రాత్రులు. రంగులు వేసి మరీ చేశారు పాపం. నాకైతే ఆ షీట్ చూస్తేనే టెన్షన్ వస్తోంది. పిల్లలతో వెళ్లొచ్చినవాళ్లు ఏం ఉంచాలో, ఏం తీసేయాలో చెప్పండి. మ్యూజియంల చిట్టా వద్దు, అది గూగుల్‌లో దొరుకుతుంది.

రెండోబెర్తు

వేపపువ్వు గారూ, మీవారి షీట్‌లో రైలు టైములు ఉంటాయి గానీ పెట్టెలు సర్దే టైము ఉండదు. ఊరు మారిన ప్రతిసారీ గది ఖాళీ చేయడం, స్టేషన్‌కి చేరడం, కొత్త చోట మధ్యాహ్నం మూడింటికి తాళం ఇచ్చేదాకా పిల్లల్ని ఏదో ఒక కాఫీ హోటల్లో కూర్చోబెట్టడం. ఒక పూట పోయినట్టే. రెండు రాత్రులున్న ఊళ్లో నికరంగా దక్కేది ఒక్క రోజు. ఆ రోజు బాబుకి జ్వరం వస్తే అదీ లేదు.

ఇంకో సంగతి. మ్యాప్‌లో లిస్బన్, మాడ్రిడ్ పక్కపక్కనే కనిపిస్తాయి గానీ ఆ రెండు రాజధానుల మధ్య నేరుగా రైలు లేదు. రాత్రి రైలు ఒకటి ఉండేది, 2020లో కోవిడ్‌తో ఆగిపోయింది. సెవిల్ నుంచి లిస్బన్‌కీ అంతే. బస్సులో ఆరేడు గంటలు, లేదంటే గంట విమానం. మీ ప్లాన్‌లో బలహీనమైన చోటు అదే.

స్పెయిన్ లోపల మాత్రం రైళ్లని మించింది లేదు. మాడ్రిడ్, బార్సిలోనా మధ్య 600 కిలోమీటర్ల పైనే ఉంటుంది, రెండున్నర నుంచి మూడు గంటల్లో దింపేస్తారు. రెన్ఫే, ఊయీగో, ఇర్యో అనే మూడు కంపెనీలు పోటీపడి నడుపుతున్నాయి కాబట్టి ముందుగా కొంటే చవక. ఎక్కేముందు సామాను స్కాన్ చేస్తారు, బయల్దేరడానికి కొద్ది నిమిషాల ముందే గేటు మూసేస్తారు. సికింద్రాబాద్‌లోలా కదిలే బండిని పరిగెత్తి అందుకుంటామంటే కుదరదు.

డల్లాస్_బావ

నాలుగేళ్ల బాబుకి ఇవన్నీ ఏం గుర్తుంటాయండీ? డబ్బులు దండగ. పదేళ్లు ఆగి వెళ్లండి.

పెన్నాతీరం (నెల్లూరు, కొన్నాళ్లు మాడ్రిడ్)

బావగారూ, నానమ్మ మోకాళ్లు పదేళ్లు ఆగుతాయా?

వేపపువ్వు గారూ, నేను ఉద్యోగం మీద మాడ్రిడ్‌లో ఉన్నాను, అప్పుడు మా పిల్లలు చిన్నవాళ్లు. నా మాట ఒకటే. అక్కడివాళ్ల టైము పట్టుకోండి, సగం కష్టాలు పోతాయి. మధ్యాహ్నం భోజనం రెండింటికి. రాత్రి భోజనానికి చాలా హోటళ్లలో ఎనిమిదిన్నర దాకా పొయ్యే వెలిగించరు. మనవాళ్లు ఏడింటికి వెళ్లి కూర్చుని ‘సర్వీసు బాగాలేదు’ అని రివ్యూలు రాస్తుంటారు. మే చివర్లో మాడ్రిడ్‌లో పొద్దు గుంకేసరికి తొమ్మిదిన్నర. ఆ వేళప్పుడు ప్రతి పేటలోనూ చిన్న చౌకు, దాని మధ్య జారుడుబల్లలు, చుట్టూ కాఫీ హోటళ్ల బల్లలు. తల్లిదండ్రులు, తాతలు కబుర్లలో ఉంటారు, పిల్లలు పదింటిదాకా బంతి తన్నుతూనే ఉంటారు. మీ పాప భాష రాకుండానే అయిదు నిమిషాల్లో ఏదో ఒక జట్టులో ఉంటుంది. బావగారికి దండగలా అనిపించొచ్చు గానీ, మా పిల్లలు ఇప్పటికీ అడిగేది ఆ చౌకుల గురించే.

ఇది కుదరాలంటే మధ్యాహ్నం మూడు నుంచి అయిదున్నర దాకా గదిలో పడుకోవాలి. వేసవిలో మనకీ స్పెయిన్‌కీ తేడా మూడున్నర గంటలు, పోర్చుగల్‌కి ఇంకో గంట ఎక్కువ. మొదటి రెండు రోజులు పిల్లలు సాయంత్రం ఆరింటికే తూలిపోతారు, తెల్లవారుజామున లేచి కూర్చుంటారు. అందుకే మొదటి ఊళ్లో ఎక్కువ రాత్రులు ఉండండి, ఆ రెండు రోజులకీ ఖరీదైన టికెట్లు కొనకండి.

మాడ్రిడ్‌లో రెతీరో పార్కు పడవలు ఎలాగూ వెళ్తారు. ప్రాడో అనే పెద్ద చిత్రాల మ్యూజియంలో 18 ఏళ్ల లోపు వాళ్లకి టికెట్ ఉండదు. అంతా తిప్పకండి. వెలాస్కెజ్ గీసిన ‘లాస్ మెనినాస్’ ముందు నిలబెట్టి, బొమ్మలో రాజు, రాణి ఎక్కడున్నారో వెతకమనండి (వెనక గోడ అద్దంలో ఉంటారు). తర్వాత బాష్ గీసిన వింత జంతువుల బొమ్మ దగ్గర ఒక పావుగంట. అంతే, బయటికి వచ్చేయండి. ఆరెనాల్ వీధిలో రాతోన్సీతో పెరెజ్ అనే ఎలుకగారికి చిన్న మ్యూజియం ఉంది. ఊడిన పాలపన్ను దిండు కింద పెడితే పట్టుకెళ్లి కానుక పెట్టే ఎలుక ఆయన. పిల్లరాజు 13వ ఆల్ఫోన్సోకి పన్ను ఊడినప్పుడు పుట్టిన కథ. మనం పన్ను ఇంటి కప్పు మీదికి విసిరేస్తాం, వాళ్లు ఎలుకకి అప్పజెబుతారు. తొమ్మిదేళ్ల పాపకి పళ్లు ఊడే వయసే కదా!

కాగితాలపులి

వీసా సంగతి ఎవరూ ఎత్తలేదు. షెంగెన్ వీసా (స్పెయిన్, పోర్చుగల్‌తో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఒకటే వీసా) ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే పెట్టాలి. సమానంగా ఉంటే ముందు అడుగుపెట్టే దేశానికి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. మే ప్రయాణానికి అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం, కాబట్టి సంక్రాంతి లోపే ఊళ్ల లెక్క తేల్చండి. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు వాళ్లకి 45, ఆరేళ్ల లోపు లేదు. 12 ఏళ్ల లోపు పిల్లల వేలిముద్రలు తీసుకోరు. పిల్లల జనన ధ్రువపత్రాలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా మర్చిపోకండి. నానమ్మగారి వయసుకి బీమా ధర వేరేగా ఉంటుంది, అది ముందే కనుక్కోండి.

దిగిన చోట కూడా 2025 అక్టోబర్ నుంచి కొత్త పద్ధతి వచ్చింది. పాస్‌పోర్టు మీద ముద్ర బదులు ఫొటో, వేలిముద్రలు నమోదు చేస్తున్నారు. మొదటిసారి వెళ్లేవాళ్లకి క్యూలో ఆలస్యం అవుతుంది. వెంటనే ఇంకో విమానం పెట్టుకోకండి.

ఓరుగల్లు_పోరడు (లిస్బన్)

అక్కా, నేను ఉండేది లిస్బన్‌లోనే. మా ఊరు పిల్లలకి స్వర్గం, మోకాళ్లకి మాత్రం కాదు. ఊరంతా ఎత్తుపల్లాలు. కాలిబాటలన్నీ నున్నటి సున్నపురాయి ముక్కలు, చినుకు పడితే జారుతాయి. నానమ్మకి మంచి పట్టున్న బూట్లు కొనండి, చెప్పులు వద్దు. స్ట్రోలర్ కూడా ఈ రాళ్ల మీద నరకమే.

ఎక్కడం తప్పించుకునే దారులు ఉన్నాయి. బైషా-షియాదో మెట్రో స్టేషన్‌లో కింది వీధి నుంచి పై వీధికి ఎస్కలేటర్లు వరసగా ఉంటాయి, టికెట్ గేటు దాటకుండానే పైకి వచ్చేయొచ్చు. కోట వైపు వెళ్లడానికి ఫంకైరుష్ వీధిలో ఒక భవనం లోపల ఉచిత లిఫ్ట్ ఉంది. పాత ఫ్యూనిక్యులర్ల (తాడుతో కొండ ఎక్కే పట్టాల బళ్లు) మీద ఆశ పెట్టుకోకండి. 2025 సెప్టెంబర్‌లో గ్లోరియా బండి పట్టాలు తప్పి 16 మంది చనిపోయాక అన్నిటినీ ఆపేశారు. ఏది నడుస్తుందో వచ్చేముందు చూసుకోండి.

28 నంబర్ ట్రామ్ అందరికీ కావాలి. మార్తిం మొనిజ్ దగ్గర గంటసేపు ఎండలో నిలబడి, ఎక్కాక సీటు లేక, జేబులో ఫోన్ పోగొట్టుకుని దిగేవాళ్లని రోజూ చూస్తా. పొద్దున్నే రెండో చివర, ప్రజేరిష్ శ్మశానం దగ్గర ఎక్కండి, ఖాళీగా ఉంటుంది. శ్మశానం పేరు నానమ్మకి చెప్పకండి.

ఓషనేరియం తప్పకుండా చూడాలి. 1998 ఎక్స్‌పో కోసం కట్టారు. మధ్యలో ఉన్న పెద్ద తొట్టి ఒక్కటే 50 లక్షల లీటర్లు. సొరచేపలు, తిరగలి రాయిలా గుండ్రంగా ఉండే సన్‌ఫిష్. రెండు అంతస్తుల నుంచీ అదే తొట్టి కనిపిస్తుంది కాబట్టి నానమ్మ కింద బెంచీ మీద కూర్చుని చూడొచ్చు. ఆ చుట్టుపక్కలంతా చదునే, నది ఒడ్డున రోప్‌వే కూడా ఉంది. పక్కనే పిల్లల సైన్స్ మ్యూజియం. ఒక రోజు అక్కడే గడిచిపోతుంది.

ఇంకోటి. పోర్చుగల్‌లో గర్భిణులకి, చంటిపిల్లలతో ఉన్నవాళ్లకి, నడవలేని పెద్దలకి క్యూలో ముందు పంపాలని చట్టమే ఉంది. అడగడానికి మొహమాటపడకండి.

మధురవాడ_మధు

సింట్రా?

ఓరుగల్లు_పోరడు

లిస్బన్ రోసియో స్టేషన్ నుంచి రైల్లో నలభై నిమిషాలు అన్నా. కానీ పేన కోట కొండ మీద, జనం, బస్సుల రద్దీ. చిన్న బాబుతో అయితే రెగలైరా తోట చాలు. అక్కడ భూమిలోకి 27 మీటర్లు చుట్లు తిరుగుతూ దిగే బావి ఉంది, అడుగున సొరంగాలు. పిల్లలు రెండోసారి దిగుతామంటారు. నానమ్మ ఆ రోజు రాకపోయినా నష్టం లేదు. ఆవిడ కోసం ఇంకో రోజు కైష్ దు సొద్రే స్టేషన్ నుంచి కాష్‌కైష్ అనే సముద్రపు ఊరి రైలు ఎక్కించండి. నది పక్కనే, తర్వాత సముద్రం పక్కనే వెళ్తుంది.

చింతచిగురు

ఇక నానమ్మగారి భోజనం. నేనూ గుడ్డు తిననిదాన్నే కాబట్టి ఈ సబ్జెక్టులో పీహెచ్‌డీ ఇవ్వొచ్చు నాకు.

అసలు చిక్కు మాంసంతో కాదు, మాంసం అనుకోని మాంసంతో. స్పెయిన్‌లో ఒక కూరగాయల పళ్లెం మీద కూడా నాలుగు హామ్ (పంది మాంసం) ముక్కలు చల్లి తెస్తారు, అది వాళ్ల లెక్కలో అలంకారం. పప్పు కూరలో చోరీసో అనే పంది మాంసం సాసేజీ ఉంటుంది. పోర్చుగల్‌లో కాల్దో వెర్దె అనే ఆకుకూర సూప్‌లోనూ సాసేజీ ముక్క తేలుతుంది. ‘వెజిటేరియన్’ అని ఊరుకోకుండా మాంసం, హామ్, చేప, గుడ్డు ఒక్కొక్కటీ పేరు పెట్టి వద్దనాలి. స్పానిష్‌లోనూ పోర్చుగీసులోనూ రాసి ఫోన్‌లో పెట్టుకోండి.

ఆవిడ హాయిగా తినగలిగేవి: సెవిల్‌లో పాలకూర శనగలు కలిపి జీలకర్ర వేసి వండే కూర (ఎస్పినాకాస్ కోన్ గార్బాన్సోస్). కోర్దొబాలో వంకాయ వేపుడు మీద చెరకు పాకం. వేయించిన చిన్న పచ్చిమిరపకాయలు, పాద్రోన్ అంటారు, పదింటిలో ఒకటి కారంగా తగులుతుంది. మనవాళ్లకి మిగతా తొమ్మిదీ చప్పగా అనిపిస్తాయి. టమాటా రుద్దిన రొట్టె. చుర్రోలు (నూనెలో వేయించిన పిండి కడ్డీలు) సాధారణంగా పిండి, నీళ్లు, ఉప్పే, గుడ్డు పడదు. అయినా అడగండి. లిస్బన్‌లో 1837 నుంచి బెలేం దగ్గర అమ్ముతున్న కస్టర్డ్ టార్టులు మాత్రం నిండా గుడ్డు సొనే. అవి మీకూ పిల్లలకీ. ఆవిడకి అన్నం పాయసం దొరుకుతుంది కదా అనుకోకండి. పోర్చుగల్‌లో అందులోనూ సొన వేస్తారు చాలాచోట్ల. స్పెయిన్ పాయసం నయం.

పోర్చుగల్ హోటళ్లలో కూర్చోగానే రొట్టె, ఆలివ్‌లు, చీజ్ తెచ్చి పెడతారు. ఉచితం కాదు. వద్దంటే తీసుకెళ్తారు.

గదికి వంటగది ఉండేలా చూసుకోండి, కుక్కర్ చాలు. బియ్యం, పెరుగు ఎక్కడైనా దొరుకుతాయి. యూరప్‌లో తలసరి అన్నం ఎక్కువ తినేది పోర్చుగీసువాళ్లే. స్పెయిన్‌లో ఆదివారం చాలా సూపర్ మార్కెట్లు మూసేస్తారు, శనివారమే తెచ్చుకోండి. హైదరాబాద్ నుంచి ఆవకాయ, పొడులు తీసుకెళ్లండి. నెయ్యి, పాలకోవా, పచ్చి కరివేపాకు వద్దు. పాలతో చేసినవి, మాంసం బయటి దేశాల నుంచి తీసుకురావడం అక్కడ నిషేధం, పచ్చి ఆకులకి సర్టిఫికెట్ కావాలి.

ఓరుగల్లు_పోరడు

కరివేపాకు, పప్పులు మార్తిం మొనిజ్ దగ్గరి దుకాణాల్లో దొరుకుతాయి అక్కా. లిస్బన్‌లోనే లుమియార్ పేటలో రాధాకృష్ణుల గుడి కూడా ఉంది, మొజాంబిక్ మీదుగా ఇక్కడికి వచ్చిన గుజరాతీలు కట్టుకున్నారు.

వేపపువ్వు

ఇన్ని వివరాలకి చాలా థ్యాంక్స్ అండీ. చుర్రోలలో గుడ్డు ఉండదని తెలిసి మా అత్తగారు తెగ సంబరపడ్డారు.

మావారు పోర్టో, వాలెన్సియా వదులుకోవడానికి ఒప్పుకున్నారు (కష్టంగా). నేనైతే బార్సిలోనా కూడా తీసేసి దక్షిణంలోనే ఉందామన్నాను. అక్కడ పేచీ వచ్చింది. మా పాప స్కూల్లో ఫుట్‌బాల్ ఆడుతుంది, దానికి బార్సిలోనా మహిళల జట్టులో ఆడే ఐతానా బొన్‌మతీ అంటే ప్రాణం. బార్సిలోనా లేకపోతే నేను రానంది.

పెన్నాతీరం

అయితే బార్సిలోనా ఉన్నట్టే. వరసగా మూడేళ్లు, 2023, 2024, 2025, బాలన్ డోర్ (ఏటా మేటి ఫుట్‌బాల్ ఆటగాళ్లకి ఇచ్చే అవార్డు) గెలిచిన అమ్మాయి మీద అభిమానం అంటే కాదనడానికి మనమెవరం.

స్టేడియం మ్యూజియంకి పోసే డబ్బుల కంటే మహిళల మ్యాచ్ మంచిది. వాళ్లు ఎక్కువగా ఆడేది ఊరి చివర యోహాన్ క్రైఫ్ స్టేడియంలో, ఆరు వేల మంది పడతారు, కాబట్టి ఆటగాళ్లు దగ్గరగా కనిపిస్తారు. లీగ్ మే నెల దాకా ఉంటుంది. తేదీలు వచ్చాక దాన్ని బట్టి బార్సిలోనా ముందా చివరా తేల్చుకోండి.

మధురవాడ_మధు

గ్రనాడా గురించి ఎవరూ మాట్లాడరేంటి? అక్కడి పాత ముస్లిం రాజుల కోట అల్‌హంబ్రా చూడకుండా స్పెయిన్ వెళ్లొచ్చామంటే నేను ఒప్పుకోను. ఆ గోడల మీద పనితనం, ప్రతి ముంగిట్లో నీళ్లు... పిల్లలకి అర్థం కాకపోయినా పెద్దవాళ్లు కూడా మనుషులే కదా, వాళ్ల కోసం ఒక్కటైనా ఉండొద్దా?

రెండోబెర్తు

మధు గారూ, అందం గురించి వాదన లేదు. కానీ అల్‌హంబ్రా లోపలి నస్రీద్ రాజభవనాల టికెట్ మీద ఇచ్చిన టైము తప్పితే లోపలికి పోనివ్వరు. పేర్లు, పాస్‌పోర్టులు సరిపోవాలి. కోట లోపల గంటల తరబడి నడక, చాలావరకు ఎత్తుపల్లం. నాలుగేళ్ల బాబు సరిగ్గా ఆ టైముకి నిద్రపోతే?

బదులుగా కోర్దొబా దిగండి. సెవిల్ నుంచి మాడ్రిడ్ వెళ్లే దారిలోనే, ముప్పావుగంట ప్రయాణం. అక్కడి పాత మసీదు 785లో మొదలైంది, లోపల 850కి పైగా స్తంభాలు, వాటి మీద ఎరుపు తెలుపు కమానులు. మధ్యలో చర్చి కట్టేశారు. నేల చదును, నానమ్మ నడవగలరు. పిల్లలకి స్తంభాలు లెక్కపెట్టే పని అప్పజెప్పండి, గొడవ ఉండదు. మే మొదటి పదిహేను రోజుల్లో అయితే ఇళ్ల లోపలి ముంగిళ్లని పూలకుండీలతో అలంకరించి తలుపులు తెరిచి పెడతారు, పోటీ జరుగుతుంది.

మధురవాడ_మధు

కోర్దొబా మంచిదే. అల్‌హంబ్రాకి బదులు మాత్రం కాదు. నా మాట మీద నేనున్నాను.

డల్లాస్_బావ

మే అంటున్నారు, బానే ఉంది. జూలైలో సెవిల్ వెళ్లిన మా బంధువులు 40 డిగ్రీల పైన ఎండలో మాడిపోయి వచ్చారు. రామగుండానికి వెళ్లినా అదే ఎండ కదరా అన్నాను.

పెన్నాతీరం

మేలో సెవిల్ హాయి. ప్లాసా దె ఎస్పాన్యాలో 1929 ప్రదర్శనకి కట్టిన అర్ధచంద్రాకారపు భవనం ఉంది. ఒక్కో ప్రావిన్సుకి (మన జిల్లా లాంటిది) ఒక్కో రంగు పెంకుల అరుగు, ముందు కాలువలో పడవలు. పక్క పార్కులో నలుగురు కూర్చుని తొక్కే సైకిల్ బళ్లు అద్దెకి ఇస్తారు. అల్‌కాసర్ రాజభవనం తోటలో నెమళ్లు తిరుగుతుంటాయి. వీధుల్లో కమలాపళ్లు కనిపిస్తాయి, కోసి తినకండి, చేదు.

బార్సిలోనాలో గౌడీ అనే ఆర్కిటెక్ట్ రూపకల్పన చేసిన చర్చి సగ్రాదా ఫమీలియా టికెట్లు ఆన్‌లైన్‌లోనే కొనాలి. 11 ఏళ్ల లోపు ఉచితమే గానీ వాళ్లకీ టికెట్ తీయాలి. గోపురాల మీదికి ఆరేళ్ల లోపు వాళ్లని పంపరు, కాబట్టి పాప, నాన్న పైకి, మిగతావాళ్లు కింద. సాయంత్రం వెళ్తే పడమటి అద్దాల నుంచి ఎర్రటి వెలుగు లోపలంతా పడుతుంది. గౌడీ చనిపోయి 2026 జూన్ 10కి నూరేళ్లు, జనం ఎక్కువే ఉంటారు, టికెట్లు ముందే తీయండి. బాబు కోసం కోస్మోకైషా సైన్స్ మ్యూజియం. లోపల అమెజాన్ అడవి ముక్కనే పెంచారు, నీళ్లలో చేపలు, మొసళ్లతో సహా. 16 ఏళ్ల లోపు ఉచితం.

రాంబ్లా వీధిలో, మెట్రోలో జేబుదొంగలతో జాగ్రత్త, హోటల్లో ఫోన్ బల్ల మీద పెట్టకండి. పాస్‌పోర్టులు గదిలో ఉంచి ఫొటో కాపీలు పట్టుకోండి.

వేపపువ్వు

సరే అండీ, ఇదీ లెక్క: లిస్బన్ నాలుగు రాత్రులు, అక్కడి నుంచి సెవిల్‌కి విమానం, మూడు రాత్రులు. పొద్దున బయల్దేరి కోర్దొబాలో దిగి సాయంత్రానికి మాడ్రిడ్, మూడు రాత్రులు. బార్సిలోనా నాలుగు. వెళ్లడం, రావడం దుబాయ్ మీదుగా, లిస్బన్‌లో దిగి బార్సిలోనా నుంచి తిరిగి ఎక్కడం. ఎక్కువ రాత్రులు స్పెయిన్‌లో కాబట్టి వీసా దానికే. మధు గారూ, అల్‌హంబ్రా లేదు, క్షమించండి. మావారు మాత్రం మీ పక్షమే.

ఒక్క ప్రశ్న మిగిలింది. ఎయిర్‌పోర్ట్ నుంచి టాక్సీలో బాబుకి కార్ సీట్ కావాలా? ఇక్కడి నుంచి మోసుకెళ్లాలా?

ఓరుగల్లు_పోరడు

రెండు దేశాల్లోనూ 135 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకి కార్లో సీటు తప్పనిసరి అక్కా. ఊళ్లో టాక్సీకి మినహాయింపు ఉంది, వెనక సీట్లోనే కూర్చోబెట్టాలి. కారు అద్దెకి తీసుకుంటే మాత్రం సీటు కూడా బుక్ చేసుకోండి. లిస్బన్‌లో అయితే మెట్రో ఎయిర్‌పోర్ట్ దాకా ఉంది, పెట్టెలు తక్కువైతే అదే మేలు.

కాగితాలపులి

కోర్దొబాలో దిగే రోజు రైలు టికెట్లు రెండు ముక్కలుగా తీయండి: సెవిల్ నుంచి కోర్దొబా, కోర్దొబా నుంచి మాడ్రిడ్. ఒకే టికెట్ తీసి మధ్యలో దిగుతామంటే మిగతా సగం చెల్లదు. పెట్టెలు ఎక్కడ ఉంచుతారో కూడా ముందే చూసుకోండి.